హాంజీ వచ్చిండా, వచ్చిందా?

వరంగల్‌లో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్డు దగ్గర ఓ సాయంత్రం చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ముగ్గురు ఇంజినీరింగ్ పిల్లలు గట్టిగా వాదించుకుంటున్నారు. క్రికెట్ అనుకున్నా. కాదు, 'అటాక్ ఆన్ టైటాన్'లో హాంజీ అనే కమాండర్ గురించి. అది జపాన్ బొమ్మల కథ, పుస్తకమైతే మాంగా, తెర మీదైతే అనిమే. "అప్పుడు హాంజీ అచ్చిండు..." అని ఒకడు మొదలుపెట్టగానే రెండోవాడు అడ్డం పడ్డాడు. "అచ్చిండు ఏందిరా? అచ్చింది." ఇక కథ ముందుకు కదల్లేదు. మాంగాలో ఎక్కడ చెప్పిన్రో చూపియ్ అని వీడు, అనిమే చూస్తే తెలుస్తలేదా అని వాడు. చాయ్ మీద మీగడ కట్టింది. అప్పటిదాకా ఫోన్‌లో తల దూర్చి ఉన్న మూడోవాడు తలెత్తకుండానే అన్నాడు: "కమాండర్ వచ్చిన్రు అను. అయిపాయె."

ఆ పిల్లాడికి ఏ డబ్బింగ్ స్టూడియోలోనైనా వెంటనే ఉద్యోగం ఇవ్వాలి.

నిజానికి ఆ ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. రచయిత హజీమె ఇసాయామా మాంగాలో హాంజీ ఆడో మగో తేల్చలేదు. అనిమేలో ఆడ పాత్రగానే కనిపిస్తుంది. 'వన్ పీస్' అనే ఇంకో మాంగాలో యమాటో సంగతి ఇంకా చిక్కు. పాత్రను పరిచయం చేసే పెట్టెలో 'కైడో కూతురు' అని ఉంటుంది. కైడో మాత్రం 'నా కొడుకు' అంటాడు. యమాటో తానే కొజుకి ఓడెన్ అనే చనిపోయిన మగ సమురాయ్‌నని ప్రకటించుకుని, స్నానాలకు మగవాళ్ళ వైపు వెళ్తుంది. చూశారా, 'వెళ్తుంది' అని రాసేశాను. ఏదో ఒకటి రాయకుండా వాక్యం ముగియలేదు. నా బాధంతా ఇదే.

ఫలానా పాత్ర ఆడా, మగా, రెండూ కాదా, ఫలానా ఇద్దరి మధ్య ఉన్నది స్నేహమా, ప్రేమా అని అభిమానులు రాత్రింబవళ్ళు కొట్లాడుకోవడం చూసి పెద్దవాళ్ళు నవ్వుతారు. పని లేదు, పాట లేదు అంటారు. నేనైతే ఈ తరంలో నిఖార్సయిన పాఠకులు వీళ్ళే అంటాను. ఒక మాట ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ అధ్యాయంలో అన్నారు అని సాక్ష్యాలు ముందు పెట్టుకుని వాదించే అలవాటు మన సాహిత్య సభల్లో ఎప్పుడో పోయింది. పైగా వాళ్ళు కొట్లాడుకునే విషయాల్లో చాలా వాటిని తేల్చింది రచయిత కాదు, అనువాదకుడు.

'సైలర్ మూన్' అనే అనిమే కథ చూడండి. 1994లో జపాన్‌లో వచ్చిన మూడో భాగంలో హరుకా, మిచిరు అనే ఇద్దరమ్మాయిలు ప్రేమికులు. 2000లో అమెరికా టీవీకి వచ్చిన ఇంగ్లీష్ డబ్బింగ్‌లో వాళ్ళను కజిన్స్ చేసేశారు. మాట మారింది గానీ బొమ్మ మారలేదు కదా, కజిన్స్ అలా కళ్ళలోకి చూసుకుంటూ కూర్చుంటారా అని అక్కడి పిల్లలకే అనుమానం వచ్చింది. మన దగ్గరైతే ఆ ఎత్తు అసలే పారదు. మేనత్త బిడ్డ, మేనమామ బిడ్డ అన్నామంటే అనుమానం తీరడం అటుంచి, వరస కుదిరిందని లగ్గం మాట మొదలవుతుంది. అదే సిరీస్ మొదటి భాగంలో జోయిసైట్ అనే మగ విలన్ ఇంకో మగవాణ్ణి ప్రేమిస్తాడు. 1995 ఇంగ్లీష్ డబ్బింగ్‌లో ఆడగొంతు పెట్టి ఆడదాన్ని చేసేశారు. ఇంత జరిగాక, అభిమానులు లేనిపోనివి ఊహిస్తున్నారని ఎవరు అనగలరు? వాళ్ళు ఊహించడం లేదు, దాచిపెట్టినదాన్ని తవ్వి తీస్తున్నారు.

ఇప్పుడు తెలుగుకు వద్దాం. నాకు నిద్ర పట్టనివ్వని భాగం ఇదే.

జపనీస్‌లో క్రియ ఎవరికీ ఆడా మగా అని అంటగట్టదు. కర్త లేకుండానే వాక్యాలు హాయిగా నడుస్తాయి. అక్కడ గుట్టు బయటపడేది 'నేను' దగ్గర. 'ఒరె' అంటే మొరటు మగవాడి నేను, 'బొకు' అంటే కుర్రాడి నేను, 'అతాషి' అంటే ఆడపిల్ల నేను. యమాటో వాడేది 'బొకు'. తెలుగులో సరిగ్గా తలకిందులు. మన 'నేను'కు మీసం లేదు, జడ లేదు. 'నువ్వు' కూడా అంతే. ఎదురుగా ఉన్నంతసేపూ 'వచ్చావు, తిన్నావు' అంటూ ఏ గొడవా లేకుండా మాట్లాడుకోవచ్చు. ఆ మనిషి లేచి పక్కకు వెళ్ళిన మరుక్షణం మన క్రియ వెనక నుంచి వేలు చూపిస్తుంది. వచ్చాడు. వచ్చింది. ఇంగ్లీష్‌వాడు హాంజీ పేరునే మళ్ళీ మళ్ళీ వాడి తప్పించుకోగలడు. మనం పేరు పెట్టి చెప్పినా క్రియ చివరికొచ్చేసరికి దొరికిపోతాం.

దీని అర్థం చిన్నది కాదు. జపనీస్‌లో పాత్ర తన గురించి తాను చెప్పుకునే సంగతి, తెలుగులో ఆ పాత్ర గురించి నలుగురూ చెప్పుకునే సంగతి అయిపోతుంది. అక్కడ నిర్ణయం పాత్రది, ఇక్కడ ఊరిది. ఆ తేడా తెలియకుండా డైలాగులు రాస్తే యమాటో నోటి 'బొకు' మన చెవిన పడే సరికి ఉత్త 'నేను'గా మిగులుతుంది. మొత్తం పాత్ర అందులో కారిపోతుంది.

అలాగని తెలుగు చేతకానిదేం కాదు. 'హంటర్ × హంటర్'లో అల్లుకా కోసం తెలుగును మించిన భాష దొరకదంటాను. కిల్వా అల్లుకాను చెల్లె అంటాడు. పెద్దన్న ఇల్లుమి తమ్ముడు అంటాడు. ఇంట్లో మిగతావాళ్ళకు అసలు మనిషే కాదు, భయపెట్టే వస్తువు. ఇంగ్లీష్‌లో ఈ తేడా అక్కడక్కడా ఒక మాటలో తెలుస్తుంది. తెలుగులో ప్రతి వాక్యం తోకలోనూ తెలుస్తుంది. ఇల్లుమి 'వాడు నిద్రపోతున్నాడు' అన్న వెంటనే కిల్వా 'చెల్లె పడుకున్నది' అంటే చాలు, ఆ ఇద్దరిలో ఎవరు ప్రేమిస్తున్నారో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా పరాయి ముచ్చట, అమెరికా వాదాలను జపాన్ బొమ్మలకు అంటించి తెలుగు పిల్లల మీద రుద్దుతున్నారు అనేవాళ్ళున్నారు. అందులో ఒక ముక్క నిజమే. నున్నటి ముఖం, పొడుగు జుట్టు ఉన్న అందగాణ్ణి గీయడం జపాన్‌లో పాత సంప్రదాయం. ముఖం చూసి జెండర్ తేల్చేస్తే 'నరుటో'లో హకు అనే కుర్రాడి దగ్గరే బోల్తా పడతాం. నరుటో కూడా ఆడపిల్లే అనుకుని మురిశాడు పాపం. రుజువు లేని వాదన వాదన కాదు, ఒప్పుకుంటాను. పరాయి ముచ్చట అన్న మాట మాత్రం ఒప్పుకోను, అదీ ఓరుగల్లులో కూర్చుని.

ఒసాము తెజుకా 1953లో ఒక మాంగా మొదలుపెట్టాడు. అందులో సఫైర్ అనే రాకుమారి. ఆడపిల్లకు సింహాసనం రాదు కాబట్టి ఆమెను లోకం ముందు రాకుమారుడిగా పెంచుతారు. ఈ కథ వరంగల్ పిల్లలకు కొత్తగా అనిపిస్తే తప్పు పిల్లలది కాదు. గణపతిదేవుడికి కొడుకుల్లేరు. కూతురు గద్దెనెక్కింది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. మహారాణి కాదు, మహారాజు. అది వేషమా, బిరుదా, పదవికి ఉన్న మగ పేరా అని చరిత్రకారులు ఇప్పటికీ శాసనాలు ముందేసుకుని వాదిస్తారు. వాళ్ళను మనం పండితులంటాం. అదే పని యమాటో విషయంలో చేసే పిల్లలను మాత్రం పని లేనివాళ్ళంటాం. ఏడాదికోసారి ఖిలా వరంగల్‌కు స్కూలు పిల్లలను తీసుకెళ్ళి, తోరణాల కింద ఫొటోలు దిగి వచ్చేస్తారు. శాసనంలో ఆ పేరు ఎందుకలా ఉందని ఏ పిల్లైనా అడిగితే బస్సుకు టైమైందంటారు.

కోట దాకా కూడా అక్కర్లేదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పొండి. చీర కట్టి, ముఖాన పసుపు పూసుకుని, బోనమెత్తుకుని ఆడే శివసత్తుల్లో మగవాళ్ళుంటారు. పూనకం వచ్చిందంటే అరవయ్యేళ్ళ పెద్దమనిషి కూడా 'తల్లీ' అని కాళ్ళ మీద పడతాడు. ఆ శివసత్తిని ఈనాటి మాటల్లో ఏ గడిలో పెట్టాలన్నది వేరే చర్చ, తొందరపడి పెట్టకపోవడమే మంచిది. నేను చూసేది ఆ 'తల్లీ' అన్న పిలుపును మాత్రమే. అదే నేల మీద, చీర కట్టుకుని వీధిలో కనిపించిన హిజ్రాను వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చని 1329 ఫస్లీ (అంటే 1919) నాటి నిజాం చట్టం ఒకటి ఉండేది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది ఎప్పుడో కాదు, 2023 జులైలో.

నా జెండర్ ఏదో నేనే చెప్పుకుంటానన్న హక్కును సుప్రీంకోర్టు 2014లోనే గుర్తించింది. కానీ తెలుగు 'నేను' ఆ సంగతి చెప్పలేదు, తెలుగు క్రియ వినిపించుకోదు. మరి దారేది? చాయ్ బండి దగ్గర మూడోవాడు చూపించిందే. 'వచ్చారు' అన్నచోట ఆడా మగా తేడా మాయమవుతుంది. మర్యాద ఇచ్చామంటే చాలు, జెండర్ అడగాల్సిన పనే ఉండదు. (మన దగ్గర 'సార్ వచ్చిండు' అన్నా మర్యాద తగ్గదు. అది హైదరాబాద్ స్టూడియోల్లో రాసేవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, ఇప్పుడు వదిలేద్దాం.) తిప్పి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. మనం ఎవరి ఒంటిని పట్టిపట్టి చూస్తున్నామో వాళ్ళు మనం మర్యాద ఇవ్వనివాళ్ళే. కలెక్టర్ వస్తారు. పనిమనిషి వస్తుంది. ఆటో అతను వస్తాడు. 'వస్తుంది' అన్న మాట బస్సుకూ బర్రెకూ కూడా సరిపోయేదే. వచ్చారు అనే గొడుగు కింద ఎవర్ని రానిస్తాం అన్నది వ్యాకరణం పుస్తకంలో ఉండదు.

2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' అనే అనిమే సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చింది. ఇకపై ఇంకా వస్తాయి. ఆ డైలాగులు రాసేవాళ్ళ కంటే ముందు ఈ లెక్క నేర్చుకోవాల్సినవాళ్ళు ఇంకొకరున్నారు.

చాలా ఏళ్ళ కింద ఒక పేపర్ డెస్క్‌లో ఉండేవాణ్ణి. కాజీపేట దగ్గర రాత్రి లారీ గుద్ది ఒక హిజ్రా చనిపోయినట్టు రిపోర్టర్ వార్త పంపాడు. 'మృతి చెందాడు' అని ఉంది. కొట్టేసి 'మృతి చెందారు' అని దిద్ది పేజీకి పంపాను. తెల్లారి చూస్తే మళ్ళీ 'చెందాడు' అనే అచ్చయింది. ఎవరు మార్చారని అడిగితే, రెండు కాలమ్‌ల ముక్కకు ఇంత టెన్షన్ దేనికన్నారు. ఆ అక్షరాల పక్కనే పాస్‌పోర్టు ఫొటో వేశారు. చీరలో ఉన్నారు, నుదుటిన రూపాయి బిళ్ళంత బొట్టు.