మహారాజశ్రీ స్మోక్ జనరేటర్ గారి సముఖమునకు

అయ్యా,

బరంపురం నుంచి బొమ్మఓడలు కట్టుకునే ఒక సామాన్యుడు నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఇక్కడ అందరమూ క్షేమం. తమరి క్షేమం గురించి వేరే అడగనక్కరలేదు, ఎందుకంటే ఓడలో ఉన్నవారందరిలోకీ ఏ పనీ లేనివారు తమరొక్కరే. మోటారు ప్రొపెల్లరును తిప్పుతుంది, చుక్కాని దారి మళ్లిస్తుంది, ఆఖరికి అడుగున పరచిన సీసపు ముక్కలు కూడా కదలకుండా పడి ఉండి ఓడను నిటారుగా నిలబెడతాయి. బొమ్మఓడలో పొగ పుట్టించే చిన్న పరికరమైన తమరు మాత్రం పొగగొట్టంలోంచి నాలుగు తెల్లటి పాయలు వదిలి, గట్టు మీద నిలబడ్డవారందరి చేతా ఆహా అనిపించుకుంటారు. ఆ ఓడ తమరి వల్లనే నడుస్తున్నదని పిల్లలు నమ్మితే నమ్మనీయండి, నమ్మినట్టు తలలూపే పెద్దలను చూసినప్పుడే మోటారు తరఫున నాకు బాధ కలుగుతుంది.

నా ఓడ సంగతి ముందుగా మనవి చేసుకుంటాను. గంజాం జిల్లా మదరాసు రాజధానిలో ఉన్న కాలంలో, అంటే 1936కు ముందు, మా గోపాలపురం రేవు నుంచి రంగూనుకు పొగఓడలు నడిచేవి. ఇటు గంజాం నుంచీ అటు శ్రీకాకుళం వైపు నుంచీ వేలాది మంది కూలీలు ఆ ఓడల డెక్కుల మీద కూర్చుని బర్మా వెళ్లారు. ఆ ప్రయాణీకులలో మా ముత్తాత ఒకరని ఇంట్లో చెప్పుకుంటారు గనుక, బ్రిటిష్ ఇండియా కంపెనీవారి ఓడల తరహాలో, నల్లటి పొగగొట్టం చుట్టూ రెండు తెల్లటి పట్టీలతో, నూరో వంతు కొలతకు నాలుగడుగుల ఓడను కట్టాను. రంగులు పూర్తయ్యాయి, రెయిలింగులు పూర్తయ్యాయి. ఇక తమరి వంశంలో ఏ శాఖవారిని ఆ పొగగొట్టం కింద ప్రతిష్ఠించాలన్న ఒక్క ప్రశ్న దగ్గర పని ఆగిపోయింది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. అసలు పొగఓడల యజమానులకు పొగ అంటే గిట్టదు. బొగ్గు సగం కాలి సగం కాలకుండా గొట్టంలోంచి బయటపడితేనే దట్టమైన నల్లటి పొగ వస్తుంది. అది డబ్బు గాలిలో కలిసిపోవడమే గనుక, బాయిలరు ముందు నిలబడి బొగ్గు వేసేవాడు సన్నటి మసక తప్ప మరేమీ కనబడనీయకుండా నిప్పును నడిపితేనే పనిమంతుడని పేరు. ఆ కాలంలో ఏ ఇంజనీరు చూసినా చీవాట్లు పెట్టే దృశ్యాన్ని నేను కష్టార్జితం పోసి కొనుక్కుని, ఇంకా దట్టంగా రావాలని తమరిని బతిమాలుకుంటున్నాను. పైగా తమరి వద్ద నల్లటి రంగే లేదు. మసి లేకుండా నలుపు రాదు, తమరు విడిచేవేమో సన్నటి తుంపరలు, అవి వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టి ఎప్పుడూ తెల్లగానే కనబడతాయి. దీనిని నేను క్షమించేశాను.

క్షమించలేనిది మరొకటి ఉంది. తమరిలో చాలామంది బొమ్మరైళ్ల కొలువులో పుట్టి పెరిగినవారు గనుక, ఓడలోకి వచ్చాక కూడా 'ఛుక్ ఛుక్' మని విడతలు విడతలుగా పొగ ఊదే అలవాటును గొప్పగా ప్రకటించుకుంటున్నారు. 1900లో మొదలైన నౌపడా–పర్లాకిమిడి చిన్న రైలు ఇంజను అలా ఊదిందంటే అర్థం ఉంది, ఎందుకంటే రైలింజనులో పని ముగించుకున్న ఆవిరిని పొగగొట్టంలోకే వదులుతారు, సిలిండరు కొట్టిన ప్రతిసారీ ఒక పొగముద్ద పైకి లేస్తుంది. సముద్రపు ఓడలో ఆ ఆవిరిని కండెన్సరులో చల్లార్చి మంచినీరుగా మార్చి తిరిగి బాయిలరుకే పంపుతారు. మంచినీరు దొరకని నడిసముద్రంలో దానిని గాలికి వదిలేసే పిచ్చివాడెవడూ ఉండడు. అందువల్ల ఓడ పొగ తెగకుండా, తొందర లేకుండా, ఒకే ధారగా సాగుతుంది. 'ఛుక్ ఛుక్' శాఖవారు నన్ను మన్నించి రైళ్ల వైపే దయచేయగలరు.

ఇక మిగిలినవి ముఖ్యంగా రెండు శాఖలు. మొదటిది వేడి శాఖ. చిన్న తొట్టిలో నూనె, అందులో ఫైబర్‌గ్లాస్ వత్తి, వత్తికి చుట్టిన నిక్రోమ్ తీగ, కింద ఒక బుల్లి ఫ్యాను. తీగ వేడెక్కితే నూనె ఆవిరై, పైన చల్లగాలి తగలగానే మళ్లీ సన్నటి బిందువులుగా మారి పొగలా కనిపిస్తుంది. ఇందులో ఏదీ కాలదు, కాలకూడదు కూడా. తొట్టిలో నూనె అయిపోయాక కూడా కరెంటు నడిస్తే వత్తి మాడి, కంపు కొట్టి, ఆ తరువాత ఎంత నూనె పోసినా పీల్చుకోదు. అయితే వెచ్చగా పుట్టిన పొగ గనుక పైకి లేస్తుంది, పొగగొట్టం అంచు దాటి వెనక్కి వంగి తోకలా సాగుతుంది. ఆ ఒక్క గుణం కోసం నేను ఈ శాఖవారి కోపతాపాలన్నీ భరించడానికి సిద్ధపడి, నూనె కోసం బయలుదేరాను. బొమ్మరైళ్ల పొగనూనె మా ఊళ్లో దొరకదు, దానికి బదులుగా చాలామంది వాడే లిక్విడ్ పారఫిన్ మందుల దుకాణంలో దొరుకుతుంది. బడా బజారులో అడిగితే, కౌంటరు వెనుకనున్న తెలుగాయన సీసా తీయకముందే గొంతు తగ్గించి, "ఎన్నాళ్ల నుంచండీ ఇబ్బంది?" అన్నారు. "నాకు కాదండీ, ఓడకు" అన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, సీసాతో పాటు ఇసబ్‌గోల్ పొట్లం కూడా కౌంటరు మీద పెట్టారు.

రెండవది చల్లని శాఖ. నిప్పు లేనిదే పొగ రాదని తరతరాలుగా మన పెద్దలు చెప్పుకున్న మాటను ఈ శాఖవారు ఒక్క బిళ్ళతో కొట్టిపారేశారు. నీటి అడుగున పెట్టే 24 వోల్టుల అల్ట్రాసోనిక్ బిళ్ళ సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపించి నీటిని మంచులా చిమ్ముతుంది. దూదివత్తితో నీటిని పీల్చుకునే చిన్న చిల్లుల బిళ్ళలయితే 5 వోల్టులతోనే సరిపెట్టుకుంటాయి. నూనె వాసన లేదు, వేడి లేదు, ప్లాస్టిక్ పొగగొట్టం మెత్తబడుతుందన్న భయం లేదు, ఇంట్లో వాళ్లు టేబులు గుడ్డ గురించి ఏమీ అనరు. ఇన్ని సుగుణాలూ ఉండి, అసలైన చోట తలవంపులు. ఆ తుంపర ఆవిరవుతూ చుట్టుపక్కల గాలిని ఇంకా చల్లబరుస్తుంది, చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. ఫ్యాను పెట్టి నెట్టినా నాలుగంగుళాలు లేచి, సిగ్గుపడి, పొగగొట్టం వెంటే దిగివచ్చి డెక్కు మీద పడవల మధ్య పరుచుకుంటుంది. రంగూను ఓడకు నిప్పంటుకున్నదని చూసేవారు కంగారుపడతారు తప్ప ప్రయాణం సాగుతున్నదని అనుకోరు. బిళ్ళ మీద నీటిమట్టం ఎక్కువైనా తక్కువైనా పని చేయదు గనుక, అల తగిలి ఓడ ఒరిగిన ప్రతిసారీ తమరు అలకపాన్పు ఎక్కుతారు. బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు నల్లటి పొగగొట్టం మీద సున్నంలా తేలతాయి, డిస్టిల్డ్ నీళ్లు తేవాలి. ఉప్పునీటి చిల్కా గట్టున ఉన్న రంభలో ఓడ వదిలిన రోజున కూడా మంచినీళ్ల సీసా తమరి కోసం వెంట మోయాల్సిందే.

వేపింగ్ శాఖ పేరు కూడా ఎత్తాలి. ఎలక్ట్రానిక్ సిగరెట్టులోని కాయిల్ తీసి ఓడలో పెట్టుకుంటే పొగ దివ్యంగా వస్తుందని విదేశీ మిత్రులు సెలవిస్తుంటారు. 2019లో మన దేశం వాటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పొగ తాగేది నేను కాదు, నా ఓడ అని ఠాణాలో చెప్పి ఒప్పించగల వాక్చాతుర్యం నాకు లేదు.

ఏ శాఖవారైనా సరే, ఓడలో అడుగుపెట్టగానే తమరు పెట్టే షరతులు చూస్తుంటే, జిల్లా కేంద్రమైన ఛత్రపురం నుంచి కలెక్టరు దొర క్యాంపుకు వచ్చినట్టు ఉంటుంది. తమరికి ప్రత్యేకమైన గది కావాలి. ప్రత్యేకమైన పంకా కావాలి. ఆ పంకాకు బయటి గాలి రావడానికి ప్రత్యేకమైన కిటికీ కావాలి, కానీ ఆ కిటికీలోంచి నీరు రాకూడదు. గది ఎక్కడన్నది మరో తగాదా. పొగగొట్టానికి దగ్గరగా, పైన కూర్చోబెడితే పొగ చక్కగా వస్తుంది గాని, బరువు పైకి చేరి ఓడ తూగుతుంది, గట్టిగా మలుపు తిప్పితే పక్కకు పడుకుంటుంది. సరే, అడుగున కూర్చోబెట్టి సిలికాన్ గొట్టంతో పైకి పంపుదామంటే, ఆ పొడవాటి గొట్టం గోడలకే పొగ అంటుకుని నూనెచుక్కలై తిరిగి తమరి నెత్తినే కారుతుంది. చివరకు తమరిని నడుమ ఎత్తున కూర్చోబెట్టి, గొట్టం వంపులు లేకుండా తిన్నగా పైకి సాగేట్టు అమర్చి, పొగగొట్టం లోపల పల్చటి ఇత్తడి తొడుగు వేసి, అడుగున ఇంకాస్త సీసం చేర్చాను. ఇది తమరి గొప్పతనం కోసం మిగతావారందరి మీద వేసిన పన్ను అని మనవి.

విద్యుత్తు దగ్గర మాత్రం నేను రాజీపడలేను. తమరిని అమ్మే దుకాణంవారి కాగితం మీద 'నిజమైన పొగ', 'అద్భుతమైన ధార' వంటి విశేషణాలు నాలుగు వరుసలు ఉన్నాయి. 12 వోల్టులన్న అంకె కూడా ఉంది. ఎన్ని ఆంపియర్లు మింగుతారన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు, వ్రాసి అడిగితే 'పొగ చాలా బాగుంటుంది సార్' అన్న జవాబు వచ్చింది. ఆ అంకె లేకుండా ఏ బ్యాటరీ కొనాలి? రెండు ఆంపియర్లు తీసుకునేవారైతే 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద గంట సేపు నడుస్తారు, నాలుగు తీసుకునేవారైతే అరగంటకే చేతులెత్తేస్తారు. గట్టు మీది రిమోట్ ఆజ్ఞలను ఓడలో అందుకునే రిసీవరు బ్యాటరీలోనే తమరికీ వాటా ఇచ్చారా, తీగ వేడెక్కిన క్షణంలో వోల్టేజి కుంగుతుంది, రిసీవరుకు తెలివి తప్పుతుంది. మా సాటివాడొకాయన ఓడ ఛత్రపురం దగ్గర తంపరా సరస్సులో ఇలాగే చెవిటిదైపోయి, మహా వైభవంగా పొగ వదులుతూ, ఎవరి మాటా వినకుండా తామరాకుల్లోకి వెళ్లి కూర్చుంది. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాం గాని, పొగబెట్టించుకుని తానే పోవడం అప్పుడే చూశాం.

గాలి సంగతి తమరికి తెలిసినా చెప్పరు. ఓడ కొలత నూరో వంతుకు తగ్గినప్పుడు, అలల లెక్క ప్రకారం వేగం పదో వంతుకు తగ్గాలి. అదే లెక్కను గాలికీ వేస్తే, గంటకు ఎనిమిది కిలోమీటర్ల పిల్లగాలి నా ఓడకు ఎనభై కిలోమీటర్ల తుఫాను. కాబట్టి మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఎంత ఖరీదైన శాఖవారైనా పొగగొట్టం అంచున అడ్డంగా కొట్టుకుపోవలసిందే. పొద్దున్నే, నీరు అద్దంలా ఉన్నప్పుడు వెళ్లగలిగినవాడికే తమరి దర్శనభాగ్యం.

అలాంటి పొద్దు మాకు కార్తీక పౌర్ణమినాడు దొరుకుతుంది. ఆ తెల్లవారుజామున ఒడియావారు బోయిత బందాణ అని, వెనుకటి సాధవ వర్తకులు బాలి, జావా దీవులకు సాగిపోయిన గుర్తుగా, అరటిదొప్పలతో, కాగితంతో, బెండుతో చేసిన చిన్న పడవల్లో దీపం పెట్టి నీటిలో వదులుతారు. మరో పక్షం గడిచాక పోలి పాడ్యమినాడు మా తెలుగిళ్ల ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదులుతారు. సరిహద్దు జిల్లాలో ఉన్నందుకు ఈ రెండు పండుగలూ మావే. కిందటి పౌర్ణమికి రామలింగం చెరువు మెట్ల మీద పక్కవాటా పిల్లవాడు తన అరటిపడవలో సాంబ్రాణి కడ్డీ ఒకటి గుచ్చి వదిలాడు. పొగ సన్నగా, తెగకుండా, నిటారుగా లేచింది. కండెన్సరు ఉన్న ఓడలాగానే, ఒక్క 'ఛుక్' కూడా లేకుండా. "మావయ్యా, నీ ఓడకు పొగ ఇంకా రాలేదా?" అని వాడు అడిగిన ప్రశ్నకు వోల్టులలో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. ఆ కడ్డీని నా ఓడలోనూ పెట్టుకోవచ్చునని తమరు నవ్వుకోవద్దు. నాలుగడుగుల ఓడకు ఆ పొగ చాలదు, రాలే నిప్పుకు బాల్సా చెక్క ఆగదు, పైగా గట్టు మీదినుంచి ఆపే మీట దానికి లేదు.

కనుక అన్నీ ఆలోచించి, వేడి శాఖలోనే, ఫ్యాను ఉన్నవారినే పిలుస్తున్నాను. తమరికి వేరే బ్యాటరీ ఏర్పాటు చేశాను. రిమోట్ నుంచి ఆపివేయగల స్విచ్ అమర్చాను, నూనె అయిపోయేలోగా అది నా చేతిలోనే ఉంటుంది. ఫ్యానును మోటారు వేగాన్ని మార్చే స్పీడ్ కంట్రోలరుకు కలపడం లేదు, ఓడ వేగం పెరిగినా తమరు అదనంగా ఆవేశపడనక్కరలేదు. డెక్కు మీద పడే నూనెజిడ్డు తుడవడానికి పాత బనీను గుడ్డ సిద్ధంగా ఉంది. మూసిన గదిలో తమరిని నడపబోనని ఇంట్లో మాట ఇచ్చాను గనుక, పరీక్షలన్నీ డాబా మీదే జరుగుతాయి. వచ్చే కార్తీక పౌర్ణమికి ముందు దయచేయగలరు. వాడుక సూచనల కాగితం ఏ భాషలో ఉన్నా పరవాలేదు, ఆంపియర్ల అంకె మాత్రం మరువకుండా వెంట తెచ్చుకోగలరని ప్రార్థన.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పొగగొట్టం సొంతదారు,
బరంపురం, గంజాం జిల్లా