ఓఆర్‌ఎస్ ఫార్ములా నోటికొచ్చు, కలపడం రాదు

పోయిన ఎండాకాలం తిరుపతిలో మా పారామెడికల్ క్లాసులో ఓఆర్‌ఎస్ గురించి అడిగాను. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి లేచి గడగడా చెప్పేసింది. లీటరుకు సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజ్ 75, పొటాషియం 20, సిట్రేట్ 10, మొత్తం 245 మిల్లీమోల్స్. ఒక్క అంకె తప్పలేదు. వారం తిరక్కుండా హాస్టల్లో ఆమె రూమ్మేట్‌కు బేదులు పట్టుకున్నాయి. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్టు చించి, సగం ఒక్క గ్లాసులో పోసి తాగించింది. మర్నాడు తనే వచ్చి చెప్పింది, ‘తగ్గలేదు సార్, ఇంకా ఎక్కువైంది’ అని.

అంత చిక్కగా కలిపితే పేగులు ఒంట్లో ఉన్న నీటినే తమలోకి లాగేసుకుంటాయి. మరీ పలచనైతే ఉప్పులు చాలవు. 245 అన్న అంకెకు అర్థమే అది. ఆ అమ్మాయికి అంకె తెలుసు, అది గ్లాసులోకి ఎలా వస్తుందో ఎవరూ చూపించలేదు. తప్పు ఆమెది కాదు, నేర్పిన మాది.

ఆరోగ్య అక్షరాస్యత అంటే సమాచారం వెతుక్కోవడం, అర్థం చేసుకోవడం, నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం, ఆచరణలో పెట్టడం. వైద్య రంగంలోకి వచ్చే పిల్లలకు ఇది వాళ్లంతట వాళ్లకే వచ్చేస్తుందని మనం అనుకుంటున్నాం. 2025 అక్టోబరులో, డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే ఉండకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. ఆ తియ్యటి డబ్బాలు మా పిల్లలూ తాగారు. వెనక చక్కెర ఎంతుందో చదివినవాళ్లు నాకు కనిపించలేదు.

ఇక రెండో చిక్కు భాషది. చదివేది ఇంగ్లిష్‌లో, రోగి మాట్లాడేది చిత్తూరు తెలుగులో. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవాళ్లయితే తమిళం, కుప్పం వైపైతే కన్నడం కూడా. ఒక ల్యాబ్‌లో మా విద్యార్థి ఒక అవ్వకు ‘రేపు ఫాస్టింగ్‌లో రా అవ్వా’ అని చెప్పి పంపాడు. అది పెరటాసి నెల, శనివారాలు వెంకన్నకు ఒక్కపొద్దుండే కాలం. మర్నాడు శనివారం. ఆమెకు తెలిసిన ఫాస్టింగ్ ఒక్కపొద్దే. దేవుడికి దండం పెట్టుకుని, పాలు తాగి, రెండు అరటిపళ్లు తిని వచ్చింది. షుగర్ ఎక్కువొచ్చింది. ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదన్న ఒక్క మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. మళ్లీ చేయించేదాకా ఆ ఇంట్లో అందరికీ టెన్షనే.

విరిగిన ఎముకలకు పుత్తూరులో వేసే నాటు కట్టు విషయమూ అంతే. ఇంట్లో పెద్దవాళ్లు చెయ్యి విరిగితే అక్కడికే పోతామంటారు. వాళ్లతో పోట్లాడితే లాభం లేదు. కానీ కట్టు బిగిసి వేళ్లు నల్లబడినా, మొద్దుబారినా గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలని మన విద్యార్థి తన ఇంట్లోనైనా చెప్పగలగాలి.

ఎంబీబీఎస్‌లో 2019 నుంచి రోగితో మాట్లాడే తీరు కూడా పాఠంలో భాగమైంది. మంచిదే. కానీ వార్డులో, ల్యాబ్‌లో రోగితో ఎక్కువసేపు ఉండేది నర్సింగ్, ల్యాబ్, ఫార్మసీ పిల్లలు. వాళ్ల ప్రాక్టికల్స్‌లో ఒక పది నిమిషాలు తెలుగులో చెప్పించాలని నేను గట్టిగా కోరుతున్నాను. ‘అర్థమైందా?’ అని అడిగితే ఎవరైనా తలూపుతారు. ‘ఇంటికెళ్లాక ఎలా చేస్తారో ఒకసారి నాకు చెప్పండి’ అని అడగడం నేర్పాలి. పొరపాటు అప్పుడే బయటపడుతుంది.

ఆ ల్యాబ్ కుర్రాడు ఇప్పుడు ఫాస్టింగ్ అన్న మాటే వాడడు. మొన్న నేను పక్కనే ఉన్నాను. సూది గుచ్చకముందే ఒక అవ్వను అడిగాడు, ‘పొద్దున్నుంచి నోట్లో ఏం పోసుకున్నావవ్వా?’ అని.

‘ఏమీ లేదు నాయనా, ఒక్క గుక్క కాఫీ.’

సూది పక్కన పెట్టేసి, రేపు ఎలా రావాలో ఆమె చేతనే చెప్పించుకుని పంపాడు.