వేలిముద్రల మెషీన్ గారికి, బతికే ఉన్న ఒక టీచరు రాయునది

మహారాజశ్రీ వేలిముద్రల మెషీన్ గారి దివ్యసముఖానికి,

రిటైర్డ్ సైన్స్ టీచరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే, తమరి కుశలం నిన్న కళ్ళారా చూశాను. ఎర్రలైటు వేసుకుని నిక్షేపంగా ఉన్నారు. నా కుశలం సంగతే ఇంకా తేలలేదు. నవంబరు కదా, పెన్షన్ ఆగకుండా ఉండాలంటే నేను బతికి ఉన్నానో లేదో తమరు చెప్పాలి. నిన్న పొద్దున పదకొండింటికి వచ్చి తమరి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నాలుగున్నరకి లేచాను. ఈ మధ్యలో కుడి బొటనవేలు తొమ్మిదిసార్లు పెట్టాను, తొమ్మిదిసార్లూ తమరు కుయ్ మన్నారు. మిగతా వేళ్ళు పెట్టినా అదే కుయ్.

కళ్ళ మెషీన్ ఉంటుంది కదా బాబూ అని తమరిని నడిపే కుర్రాడిని అడిగితే అది రిపేరుకి పోయిందట. ఫోన్లో మొహం చూపిస్తే చాలంటారే అంటే సర్వర్ రావడం లేదట. వాళ్ళకి ఉత్తరాలు విడిగా రాస్తాను. ముందు తమరి సంగతి.

ఆ కుర్రాడు పాపం మంచివాడే. నా వేలిని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మమ్మా, నీ గీతలు అరిగిపోయినయ్" అన్నాడు.

అరిగిపోయాయట! 31 ఏళ్ళు ఆ వేలితోనే చాక్‌పీసు పట్టుకుని చర్మం బొమ్మ గీశాను. పైన బాహ్యచర్మం, కింద అంతశ్చర్మం, రెండూ కలిసేచోట అలలు అలలుగా ఒక గీత. "ఆ అలలే వేలి చివర గీతలుగా పైకి తేలతాయిరా, అమ్మ కడుపులో ఆరో నెల నిండేసరికే అచ్చు పడిపోతుంది, ఇక చచ్చేదాకా మారదు" అని ఏటా చెప్పేదాన్ని. తమరి ఉద్యోగం మొత్తం ఆ ఒక్క ముక్క మీదే నిలబడి ఉంది. కానీ మహాశయా, అచ్చు మారకపోయినా దాని ఎత్తు తగ్గుతుంది. వయసు మీద పడేకొద్దీ ఆ అలలు చదునవుతాయి. అంతశ్చర్మంలో నీళ్ళు తీసేస్తే మిగిలేదాంట్లో మూడొంతులు కొలాజెనే, అదీ పలచబడుతుంది. కొలాజెన్ అంటే చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే ప్రోటీను, మూడు పాయల జడ. మొదటి బెంచీ పిల్ల జడ పట్టుకుని చూపించేదాన్ని. 1954లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కంగారూ తోకలోని కొలాజెన్ మీద ఎక్స్‌రేలు పంపి ఈ జడ గుట్టు విప్పారు. పాతికేళ్ళు దాటాక అది ఏటా సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుంది. ఆడవాళ్ళకి ముట్లు ఆగిన మొదటి ఐదేళ్ళలోనే 30 శాతం దాకా పోతుంది. నవారు వదులైన మంచం మీద దుప్పటి ఎంత బిగించి పరిస్తే మాత్రం ఏం లాభం? దానికి తోడు చాక్‌పీసు పొడి, గిన్నెల సబ్బు, చింతపండు.

తమరి గాజుకి గీత ఆనితేనే ముద్ర పడుతుంది. ఎండిన వేలు సరిగా ఆనదు. అది గాజుకీ వేలికీ మధ్య తగాదా. మధ్యలో మనిషి లేదని ఎలా తేల్చారు?

వేళ్ళు ఎండిపోతున్నాయన్న బాధ ఫోన్లో విని కోడలు ఇదివరకే 2,800 రూపాయల కొలాజెన్ క్రీము పంపింది. కొలాజెన్ అణువు బరువు 3 లక్షల డాల్టన్లు. 500 దాటితేనే చర్మం గుండా దూరడం కష్టం. గుమ్మడికాయని తాళం కన్నంలోంచి తోయడమే. పైన కాస్త మెత్తగా ఉంటుంది, నిజమే. ఆ పని పెట్రోలియం జెల్లీ కూడా చేస్తుంది. అది చాలదన్నట్టు ఒక పొడి కూడా పంపింది. నాలుగు రోజులు పాలల్లో కలుపుకుని తాగాక డబ్బా మీద 'మెరైన్' అన్న మాట కనిపించింది. చేప పొలుసులు, చర్మం! కార్తీకమాసంలో! పోనీ అదన్నా నేరుగా వేలికి చేరుతుందా అంటే, కడుపులో పడ్డాక పప్పుకి పట్టిన గతే దానికీ. ముక్కలైపోతుంది.

అన్నిటికన్నా ఆ కుర్రాడు చెప్పిందే అసలు సైన్సు. "వేలు తలకి రుద్ది పెట్టు అమ్మమ్మా" అన్నాడు. అరచేతిలో, వేళ్ళ కొసల్లో నూనె గ్రంథులే ఉండవు. వేలికి జిడ్డు రావాలంటే మొహం నుంచో తల నుంచో రావాలి. ఇంత మంచి పాఠం నాకెప్పుడూ తట్టలేదు. రుద్దాను. కానీ నిన్న కార్తీక సోమవారం. తెల్లారకుండా తలంటుకుని వచ్చాను. జుట్టు కొబ్బరిపీచులా ఉంది.

1877లో బెంగాల్లోని హుగ్లీలో మేజిస్ట్రేటు హెర్షెల్ దొర పెన్షన్‌దార్ల చేత వేలిముద్రలు వేయించాడు, పోయినవాళ్ళ పేరు మీద ఇంకొకరు తీసుకోకుండా. ఆయన సిరా పూయించాడండీ. ఎవరినీ బుర్ర రుద్దుకోమనలేదు.

ఇంతలో పక్క జిరాక్సు షాపులోంచి ఆ కుర్రాడి నాన్న వచ్చాడు. నా దగ్గరే చదివాడు. "అరే, మా సైన్స్ మేడమేరా! ఎదురుంగ కూసున్నది, బతికి లేదారా?" అన్నాడు. "నువ్వు ఒప్పుకుంటే కాదు నాన్నా, మెషీన్ ఒప్పుకోవాలె" అన్నాడు వాడు.

ఇక తమరు, గారు వద్దు. విను. సాయంత్రం బడి అయిపోయాక లాంతరు పెట్టుకుని రాత్రిబడి నడిపాను నేను. అరవై ఏళ్ళ ముసలమ్మలకి పలక మీద పేరు దిద్దించి నిశాని, అంటే వేలిముద్ర, మాన్పించాను. ఒకావిడ బ్యాంకులో మొదటిసారి సంతకం పెట్టి, వేలికి సిరా లేదని చూసుకుని, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు నాకు సంతకం వచ్చు, నీకు అక్కర్లేదు. నిశానే కావాలి. ఆ నిశాని ఏ పనిలో అరిగిందో ఆ పనికి ఇచ్చే పెన్షనే ఇది.

ఎల్లుండి మళ్ళీ వస్తున్నాను. తల నిండా కొబ్బరినూనె పెట్టుకుని, చెంపల మీద కారుతుండగా వస్తాను. పదివేళ్ళూ ముంచి పెడతాను. నీ గాజు జిడ్డయితే ఆ కుర్రాడి చేత తుడిపించుకో.

ఇట్లు,
(సంతకం)
చదవడం నీకు రాదని తెలిసే పెట్టాను.