కౌంటర్లు ఆరు, మనిషి ఒక్కడు

మా కాలనీ సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్లు ఆరు. ఆదివారం సాయంత్రం కూడా మనిషి ఉండేది ఒక్కదాంట్లోనే. లైను బియ్యం బస్తాల దాకా వస్తుంది. (26 కిలోల బస్తాలు! 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యంపై 5 శాతం జీఎస్టీ వేశాక పుట్టిన తెలివి.) తీరా మన వంతు వచ్చాక ఫోన్ నంబర్ చెప్పాలట. కొత్తిమీర కట్టకు నా నంబర్ ఎందుకండీ?

కందిపప్పుకు షెల్ఫ్ మీద ఒక రేటు, బిల్లులో ఇంకోటి. అడిగితే, "ఆఫర్ నిన్నటితో అయిపోయింది మేడమ్, స్టిక్కర్ తీయలేదు" అంటాడు తాపీగా. పైగా సంచికి డబ్బులు, దాని మీద వాళ్ల ప్రకటన!

కూరగాయలకు మెహిదీపట్నం రైతు బజార్, ఎండుమిర్చికి బేగంబజారే నయం. అక్కడ మిర్చి తుంచి చూసుకోవచ్చు, బేరమాడొచ్చు. బండి పెట్టే చోటు మాత్రం దొరకదు, అది వేరే ఏడుపు.