మొరార్జీ కథ చెప్పి నోరు మూయించకండి

మా కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఈ నెలలో ఒకటే మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. నిన్న మా బాబాయి కూడా పంపాడు. అందులో ఉన్నది ఇదీ: విదేశాల్లో గూఢచర్యం చేసే రా, దేశం లోపల నిఘా పెట్టే ఐబీల పనిని చూడటానికి పార్లమెంటు కమిటీ ఉండాలనేవాళ్లు దేశద్రోహులు. అలాంటిది ఏ దేశంలోనూ లేదు. ఎంపీలకు చెబితే రహస్యాలు శత్రువుకు చేరతాయి, మొరార్జీ దేశాయ్ చేసింది అదే. ప్రధాని చూసుకుంటారు, చాలు. తప్పు చేయనివాడికి నిఘా అంటే భయమెందుకు? ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఏ దేశంలోనూ లేదన్నది అబద్ధం. అమెరికా సెనేట్‌లో 1976 నుంచి, బ్రిటన్‌లో 1994 చట్టంతో ఇలాంటి కమిటీలు పనిచేస్తున్నాయి. అయినా అక్కడి గూఢచార సంస్థలు సీఐఏ మూతపడలేదు, ఎంఐ6 మూతపడలేదు. ఈ ముక్కకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

దేశద్రోహులంటారా? 2010లో ఈ కమిటీ కావాలని అడిగింది అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ. అదీ రా తొలి అధిపతి ఆర్.ఎన్. కావ్ స్మారక ఉపన్యాసంలో.

ఇక మొరార్జీ. పాకిస్తాన్‌లోని కహుటా అణు కేంద్రం సంగతి మనకు తెలుసని ఆయన ఆ దేశ పాలకుడు జియా ఉల్ హక్‌తో ఫోన్‌లో అనేశారని రాలో పనిచేసి రిటైరైన ఒక అధికారి రాశారు. నిజమే అనుకుందాం. అప్పుడు మొరార్జీ ఎవరు? ప్రధాని! "చూసుకుంటారు, చాలు" అని మీరు నమ్ముతున్న కుర్చీ అదే. కమిటీ మెంబరు నోరు జారాడనడానికి అప్పుడు కమిటీయే లేదు. 2004లో రా జాయింట్ సెక్రటరీ రబీందర్ సింగ్ నేపాల్ మీదుగా అమెరికా పారిపోయాడు. రహస్యాలు అమ్ముకున్నవాడు ఆ ఆఫీసులోనే కూర్చున్నాడు.

ప్రధాని కింద ఎలా చూసుకుంటున్నారో కూడా చెబుతాను. ఫోన్ ట్యాపింగ్‌కు సంతకం పెట్టేది హోం సెక్రటరీ. దాన్ని సమీక్షించే కమిటీలో ఉన్నదీ సెక్రటరీలే. రెండు నెలలకోసారి కూర్చునే ఆ కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు చూడాల్సి వస్తోందని 2018లో డేటా రక్షణ మీద ప్రభుత్వం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీయే రాసింది. ఒక్కోదానికి నిమిషం పెట్టినా 250 గంటలు. ఎవరు చదువుతున్నారండీ వాటిని?

నాకు ఒళ్లు మండేది ఆ చివరి వాక్యానికి. తప్పు చేయనివాడికి భయమెందుకట! నంబి నారాయణన్ ఏం తప్పు చేశారు? ఇస్రోలో క్రయోజెనిక్ ఇంజిన్ కోసం పనిచేస్తున్న మనిషిని 1994లో గూఢచారి అని పట్టుకెళ్లారు. 50 రోజులు నిర్బంధంలో ఉంచారు. ఆయన్ను ప్రశ్నించినవాళ్లలో ఐబీ అధికారులున్నారు. 1996లో సీబీఐ ఆ కేసు అబద్ధమని తేల్చింది. సుప్రీంకోర్టు 50 లక్షలు ఇమ్మన్నది 2018లో. మధ్యలో పోయిన ఇరవై నాలుగేళ్లు ఎవరిస్తారు? ఆ ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు బయట తలెత్తుకోలేక పడిన బాధకు ఏ ఐబీ అధికారి పార్లమెంటు ముందు నిలబడి జవాబు చెప్పాడు?

అంత దూరం ఎందుకు, హైదరాబాద్ చూడండి. మావోయిస్టుల మీద నిఘాకు పెట్టుకున్న రాష్ట్ర పోలీసు విభాగం ఎస్ఐబీని రాజకీయ నాయకుల ఫోన్లు వినడానికి వాడారని, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని సాక్షాత్తూ పోలీసులే కేసు పెట్టారు. అది కోర్టులో తేలాలి, నేను తీర్పు చెప్పడం లేదు. కానీ ఆ కేసు వచ్చింది ప్రభుత్వం మారాక. మారకపోయి ఉంటే? మళ్లీ ఐదేళ్లు మనకెవరికీ తెలిసేది కాదు. ఓటర్లు ప్రభుత్వాన్ని మారిస్తేనే బయటపడే తప్పును పట్టుకునే ఏర్పాటు ఉందని ఎలా అంటారు?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. మన ఎంపీల మీద ఆ మెసేజ్ రాసినవాడికున్న అనుమానం నాకూ ఉంది. 2021 జులైలో ఫోన్లలోకి దొంగచాటుగా చొరబడే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ గురించి అడగడానికి పార్లమెంటు ఐటీ స్థాయీ సంఘం సమావేశం పెడితే, అధికార పక్షం సభ్యులు వచ్చి కూడా హాజరు పట్టీలో సంతకం పెట్టలేదు. కోరం లేక సమావేశం ఆగిపోయింది. పిలిచిన అధికారులూ రాలేదు. రేపు నిఘా కమిటీ వేసినా ఇదే జరగొచ్చు. అందుకే మాట వరసకు కమిటీ వద్దు, చట్టం కావాలంటున్నాను. తలుపులు మూసుకుని, రహస్యం కాపాడతామని ప్రమాణం చేసి, పని అయిపోయాక దాని లెక్క అడిగే కొద్దిమంది. పిలిస్తే అధికారి రాక తప్పని అధికారం. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ ఇందుకోసం ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. రా, ఐబీలకు నేటికీ పార్లమెంటు చేసిన స్థాపక చట్టం లేదు.

బాబాయ్, నీ నంబరు ఆ 15,000లో ఎప్పుడైనా ఉందో లేదో నీకు చెప్పాల్సిన పని ఇవాళ ఎవరికీ లేదు.