గ్లాసు అయిపోయాక అదే చెబుతుంది

(కావలిలో మా ఇంటి వరండా. పొద్దున్నే అవ్వ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చిన్నా నోట్లో బ్రష్షుతో బయటికొచ్చాడు. నేను పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్నా. అంటే పేపరు నా చేతిలో ఉంది.)

అవ్వ: ఏం నాయనా, దిగిందా?

చిన్నా: ఏంది దిగేది?

అవ్వ: రాత్రిది.

చిన్నా: రాత్రిదేంది?

అవ్వ: ముందు నోరు కడుక్కో. కడుక్కున్నా వాసన పోదులే, అయినా కడుక్కో.

చిన్నా: పొద్దున్నే మొదలుపెట్టావా అవ్వా?

అవ్వ: నేనేమన్నానబ్బా? మజ్జిగలో నిమ్మకాయ పిండి టేబుల్ మీద పెట్టా. తాగు. తల తేలికవుతుంది.

చిన్నా: నా తల బానే ఉంది.

అవ్వ: ఉంటుంది. గ్లాసుతో సరిపెట్టుకున్నావు గాబట్టి ఉంది. బాటిలయ్యుంటే ఈపాటికి తెలిసేది.

చిన్నా: ఏం బాటిలు?

అవ్వ: రాత్రి అందరూ పండుకున్నాక డాబా మీద ఎవురితోరా ఫోన్లో?

చిన్నా: శీనుగాడితో. ఆఫీసు పని.

అవ్వ: ఆఫీసు పనే! "బాటిల్ వద్దురా, రాత్రిపూట గ్లాస్ చాలు, గ్లాస్ అయిపోయాక అదే చెబుతుంది." అన్నావా, అన్లేదా?

చిన్నా: అన్నా. కానీ అది...

అవ్వ: అన్నాడు! విన్నావుగా పాపా, వాడి నోటితో వాడే అన్నాడు.

(పాప అంటే నేనే. నేను పేపర్లోంచి తల ఎత్తలేదు. ఎత్తితే సాక్షి సంతకం పెట్టాలి.)

చిన్నా: అవ్వా, అది సౌండు పేరు.

అవ్వ: నేను ఎలిమెంటరీ స్కూల్లో పిల్లకాయలకి పాఠాలు చెప్పినదాన్ని. హోంవర్కు మేక తినిందన్నవాణ్ణి చూశా. పలక దొంగలెత్తుకుపోయారన్నవాణ్ణి చూశా. తాగి, సౌండు పేరన్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా.

చిన్నా: నేను కోడు రాసేది విమ్‌లో. తెలుసుగా?

అవ్వ: తెలవకేం. ఆ విమ్ముని పొద్దస్తమానం పట్టుకొని వేళ్ళాడతావు. సింకు కాడ ఉండే విమ్ముని ముట్టుకున్న పాపాన పోలా.

చిన్నా: ఇది టెక్స్ట్ ఎడిటర్. అక్షరాలు టైపు చేసుకునేది. ఇప్పుడు దాంట్లోంచి శబ్దాలు కూడా వాయించొచ్చు. సౌండ్ ప్లే ఈవెంట్ అని ఒక ఫంక్షనుంది.

అవ్వ: ఫంక్షనా! ఎవురింట్లో?

చిన్నా: ఎవురింట్లోనూ కాదు!

అవ్వ: మరి పిలుపెక్కణ్ణించి వచ్చింది?

చిన్నా: పిలుపు రాదు. ఫంక్షన్ని మనమే పిలవాలి.

అవ్వ: అంటే ఖర్చు కూడా నీదేనన్నమాట. శీనుగాడు ఊరికే వచ్చి తాగిపోయాడు.

చిన్నా: (బ్రష్షు తీసి) శీనుగాడు బెంగళూరులో ఉన్నాడు!

అవ్వ: ఫోన్లో కూడా తాగుతున్నారా ఇప్పుడు? ఎంత దూరం పోయింది లోకం. సరే, ఇది చెప్పు. "ఇంతకుముందు బయట్నుంచి తెప్పించుకోవాల్సొచ్చేది, ఇప్పుడు లోపలే దొరుకుతోంది" అన్నావు. అదీ సౌండేనా?

చిన్నా: అదే కదవ్వా అసలు సంగతి! మ్యాక్‌లో, అంటే ఈ నా ఆపిల్ కంప్యూటర్లో, విమ్‌కి సొంతంగా శబ్దం చెయ్యడం వచ్చేది కాదు. మ్యాక్‌లోనే ఏఎఫ్‌ప్లే అని వేరే ప్రోగ్రాం ఉంది, దాన్ని బయట్నుంచి పిలిపించుకునేవాళ్ళం. చూసుకోకుండా పిలిస్తే, ఆ శబ్దం అయ్యేదాకా ఎడిటర్ కదలకుండా మెదలకుండా కూర్చునేది. ఒక్క అక్షరం పడేది కాదు.

అవ్వ: కూర్చోదా మరి. మీ తాత వాళ్ళన్న అట్నే కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు.

చిన్నా: లైనక్సు వాళ్ళకీ విండోసు వాళ్ళకీ 2019లోనే లోపల పెట్టేశారు. మ్యాకు వాళ్ళకి 2022 దాకా లేదు.

అవ్వ: వాళ్ళకి ముందే దొరికిందని నీకేడుపా? ఆ లైనక్సు వాళ్ళు ఏ వీధి?

చిన్నా: వీధి కాదు! లైనక్సులో అయితే లిబ్‌క్యాన్‌బెర్రా అని ఒక లైబ్రరీ ఉంటుంది. దాంట్లోంచి...

అవ్వ: లైబ్రరీలో కూడానా!

చిన్నా: అవ్వా.

అవ్వ: పేపర్లు చదువుకునే చోట!

(ఇక్కడ నేను పేపరు కాస్త పైకెత్తాల్సొచ్చింది. మొహం కనపడకూడదు.)

చిన్నా: నువ్వు దేనికి నవ్వుతున్నావే? ఆమెకి చెప్పొచ్చుగా!

అవ్వ: దాన్ని లాగొద్దు. నాతో మాట్లాడు. "సున్నా వస్తే చివరిదాకా అయిపోయినట్టు. ఒకటొస్తే మధ్యలో ఎవరో ఆపినట్టు. రెండొస్తే మొదలయ్యాక తేడా కొట్టినట్టు." ఇవీ నీ మాటలే. తేడా కొడితే యాడ కక్కుకున్నావు? తులసికోట పక్కన కాదుగదా?

చిన్నా: అది కాల్‌బ్యాక్! శబ్దం మొదలెట్టగానే దానికో నంబరిస్తుంది. అది ముగిశాక, ఫలానా నంబరు శబ్దం ఇట్టా ముగిసిందని మళ్ళీ అదే చెబుతుంది. చివరిదాకా మోగితే సున్నా, మధ్యలో ఆపేస్తే ఒకటి.

అవ్వ: ఆపిందెవురు? శీనుగాడి పెళ్ళామా?

చిన్నా: వాడికి పెళ్ళి కాలేదు.

అవ్వ: ఎట్టవుతుంది?

చిన్నా: అవ్వా, నేను తాగనని నీకు తెలుసు. తెలిసే ఆడుకుంటున్నావు.

అవ్వ: 1992లో మొగోళ్ళంతా ఇదే పాట. మన జిల్లాలోనే, దూబగుంటలో, రాత్రి బడికి పోయి ఆడోళ్ళు అక్షరాలు నేర్చుకున్నారు. నేర్చుకొని ఏం చేశారు? సారా కొట్టు మూయించారు. ఊరూరికీ పాకింది. నేనూ పోయా, చీపురు పట్టుకొని. 1993 అక్టోబరు ఒకటికి రాష్ట్రంలోనే సారా లేకుండా పోయింది. అంత చేసి, చివరికి నా మనవడు నా డాబా మీద...

చిన్నా: గ్లాస్ అనే సౌండు వాయించాడు.

అవ్వ: నువ్వు వాయించావో, వాళ్ళు నిన్ను వాయించారో.

(మా ఇంట్లో ఏ గొడవైనా దూబగుంట దాకా పోయి రావాల్సిందే. కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా సరే. ఈసారి మాత్రం దోవలోనే ఉన్నట్టనిపించింది.)

చిన్నా: ఉండు. చూపిస్తా. కళ్ళారా చూడు, చెవులారా విను.

(లోపలికెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చాడు. చిక్కుడుకాయల చేట పక్కకి జరిపి అక్కడ పెట్టాడు. అవ్వ చేటని మళ్ళీ యథాస్థానానికి లాక్కుంది. ల్యాప్‌టాప్ అరుగు అంచుకొచ్చింది.)

అవ్వ: (కళ్ళజోడు సర్దుకొని) హెల్ప్... పూర్... చిల్డ్రన్... ఇన్... ఉగాండా. ఇదేందిరా?

చిన్నా: విమ్ ఉత్తగా తెరిస్తే ఆ మాట కనపడుతుంది. దాన్ని 1991లో బయటికి తెచ్చినాయన బ్రామ్ మూలెనార్ అని, నెదర్లాండ్స్ ఆయన. ఎడిటర్‌కి డబ్బులడగలా. ఇవ్వాలనిపిస్తే ఉగాండాలో పిల్లలకి సాయం చెయ్యమన్నాడు.

అవ్వ: మంచాయన. ఇప్పుడెట్టున్నాడు?

చిన్నా: 2023లో పోయాడవ్వా. అరవై రెండేళ్ళు.

అవ్వ: అయ్యో. చిన్న వయసే. (కాసేపు చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే ఉంది.) ఇచ్చావా మరి?

చిన్నా: ఏంది?

అవ్వ: ఆ పిల్లకాయలకి డబ్బులు.

చిన్నా: ...ఇస్తా.

అవ్వ: గ్లాసులకి మాత్రం ఉంటాయి.

చిన్నా: ఇదిగో, విను. మ్యాక్‌తో పాటే పద్నాలుగు శబ్దాలు వస్తాయి. వాటి పేర్లే నేను రాత్రి చెప్పింది. ఇది గ్లాస్.

(టింగ్.)

అవ్వ: అదిగో! గ్లాసుకి గ్లాసు తగిలించుకునే చప్పుడు! సినిమాల్లో చూళ్ళేదనుకున్నావా?

చిన్నా: అట్టా ఉంటుందనే కదా ఆ పేరు పెట్టింది!

అవ్వ: ఒప్పుకున్నాడు.

చిన్నా: ఇది పాప్.

అవ్వ: మూత తీశాడు.

చిన్నా: ఇది బాటిల్.

అవ్వ: వరస తప్పావు నాయనా. ముందు బాటిలు, తర్వాత మూత, తర్వాత గ్లాసు. అలవాటు లేనిదాన్ని, నాకే తెలుసు.

చిన్నా: ఇది హీరో.

అవ్వ: రెండు పడ్డాక అందరూ హీరోలే.

చిన్నా: ఇది సబ్‌మెరైన్.

అవ్వ: మునిగాడు.

చిన్నా: దేవుడా! ఇంక చాలు, మూసేస్తా.

అవ్వ: ఆగాగు. దాని పైన ఏదో ఉందే. ఎఫ్, ఆర్, ఓ, జీ. కప్ప కదా? దాన్నెందుకు దాటేశావు?

చిన్నా: అది వద్దులే.

అవ్వ: ఎందుకొద్దు? మొన్నట్నుంచీ రాత్రి తొమ్మిదికి నీ గదిలో కప్పరుస్తోంది. వానల్లేవు, ఏంది లేదు, కప్ప యాడిదా అని నిన్న కర్ర తీసుకొని మంచం కింద కూడా పొడిచా.

చిన్నా: ఆ గీతలు నువ్వు పెట్టినవా! అది నా గిటారు!

అవ్వ: కప్ప సంగతి చెప్పు.

చిన్నా: (ల్యాప్‌టాప్ వైపే చూస్తూ) టైమర్ పెట్టుకున్నా.

అవ్వ: దేనికి?

చిన్నా: నీ బీపీ మాత్రకి. కోడులో పడితే నాకు టైము తెలవదు. నువ్వేమో పక్కింటావిడతో మాటల్లో పడి వేసుకోవు. తొమ్మిదికి కప్పరిస్తే లేచొస్తున్నా.

(అవ్వ ఒక ఈనె తీసింది. ఇంకోటి తీసింది. ఆ రెండోదానికి ముందే తీసేసుంది.)

అవ్వ: అందుకా, ఈమధ్య తొమ్మిదయ్యేసరికి నీళ్ళు పట్టుకొని తయారవుతున్నావు.

చిన్నా: ఆ.

అవ్వ: నేను బుద్ధొచ్చిందనుకున్నా.

చిన్నా: అదేగా వచ్చింది.

అవ్వ: వచ్చింది నీకు కాదు, విమ్ముకి. (మళ్ళీ గొంతు లేపి) అయినా, శీనుగాడితో చేసే ఆఫీసు పనికేమో గ్లాసు. కన్నతండ్రిని కన్నదానికేమో కప్పా?

చిన్నా: గట్టిగా వినపడుతుందని పెట్టా!

అవ్వ: అంటే నా నోరు గట్టిదనేగా?

చిన్నా: దానికీ దీనికీ ఏం సంబంధం!

అవ్వ: హీరో ఉంది, పెట్టలా. ఆ మునిగిపోయేదన్నా ఉంది, పెట్టలా. వెతికి వెతికి కప్పని పెట్టాడు పాపా, చూశావా?

(ఈసారి నేను తల ఎత్తాను. కప్ప విషయంలో అవ్వ వైపే ఉన్నానని తల ఊపాను. నిజంగానే ఉన్నాను.)

చిన్నా: సరే సరే, మార్చేస్తా. నీకేది కావాలో చెప్పు. ఈ పద్నాలుగే కానక్కర్లేదు. సౌండ్ ప్లే ఫైల్ అని ఇంకో ఫంక్షనుంది. ఏ ఫైలిచ్చినా వాయిస్తుంది.

అవ్వ: ఇంకో ఫంక్షనా! నెల రోజులుగా వరసబెట్టి ఫంక్షన్లే.

చిన్నా: అవ్వా.

అవ్వ: మనిషి గొంతు కూడా వాయిస్తుందా?

చిన్నా: వాయిస్తుంది. రికార్డు చేసిస్తే చాలు.

అవ్వ: అయితే నాదే పెట్టు.

చిన్నా: (ఫోను తీసి) నాలుగు మాటలు చాలు. "చిన్నా, మాత్ర" అను. అంతే. ఊ, చెప్పు.

అవ్వ: (గొంతు సవరించుకొని, క్లాసులో హాజరు పిలిచినట్టు) ఒరే చిన్నా. తొమ్మిదయింది. మాత్ర తీసుకురా. నీళ్ళు ఫ్రిజ్జులోవి తేబాక. గోరువెచ్చగా ఉండాల. నువ్వు తిన్నావా? తినలేదు, నాకు తెలుసు. మూకుడులో చిక్కుడుకాయ కూరుంది, అడుగుది వేసుకో, అదే బావుంటుంది. ఆ కుర్చీలో నడుం వంచి కూర్చోబాక, మీ నాయనకి అట్నే వచ్చింది నొప్పి. ఉగాండా పిల్లకాయలకి డబ్బులు పంపించావా? ఆ శీనుగాడు...

చిన్నా: చాలవ్వా! చాలు! ఇది రోజూ మోగుతుంది!

అవ్వ: మధ్యలో ఆపితే ఎంతొస్తుందన్నావు?

చిన్నా: ...ఒకటి.

అవ్వ: నాకు సున్నా రావాల. ఫోను సరిగ్గా పట్టుకో. ఆ, యాడున్నాం? శీనుగాడు. ఆ శీనుగాడికి సంబంధాలు చూస్తున్నారంటనా?