‘పాస్‌వర్డ్‌లు భద్రంగానే ఉన్నాయి, గోల చేయకండి’ అనేవాళ్లకు నా జవాబు

స్వచ్ఛందంగా నడిచే ఆన్‌లైన్ కమ్యూనిటీ ఏది హ్యాక్ అయినా ఒక సలహా చేతులు మారుతూ మన దాకా వస్తుంది. సారాంశం ఇది: ‘పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి. కార్డు నంబర్లు అసలే లేవు. పాత బ్యాకప్ పెట్టేస్తే అంతా మామూలే. బయటికి చెబితే హ్యాకర్లకే లాభం. ఉచితంగా పనిచేసేవాళ్లను నిలదీయకండి.’ దీన్ని షేర్ చేసేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ నేనూ అలాంటి ఒక కమ్యూనిటీని నడిపే బృందంలో పనిచేశాను. ఈ మాటల్లో చాలావరకు తప్పు అని అక్కడే తెలిసింది.

‘పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి.’

సాధారణంగా సర్వర్లో దాచేది పాస్‌వర్డ్‌ని కాదు, దాని హ్యాష్‌ని, అంటే దాన్నుంచి లెక్కగట్టిన ఒక గజిబిజి అక్షరాల వరుసని. హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ని వెనక్కి రాబట్టలేరన్నది నిజమే. అయితే దొంగకు ఆ అవసరమే లేదు. జనం ఎక్కువగా వాడే పాస్‌వర్డ్‌ల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కోదానికి హ్యాష్ లెక్కగట్టి, డేటాబేస్‌లో ఉన్నదానితో పోల్చుకుంటూ పోతాడు. అలాంటి జాబితాలకు కొరత లేదు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి దాదాపు 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ హ్యాషూ లేకుండా ఉన్నవి ఉన్నట్టే బయటపడ్డాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఎండీ5 లాంటి పాత పద్ధతిలో దాచి ఉంటే ఒక్క గ్రాఫిక్స్ కార్డే సెకనుకు వందల కోట్ల పాస్‌వర్డ్‌లను సరిచూడగలదు. హ్యాష్ కట్టేముందు ఒక్కో సభ్యుడి పాస్‌వర్డ్‌కి వేరువేరుగా కలిపే సాల్ట్ అనే అదనపు అక్షరాలు లేకపోతే పని ఇంకా తేలిక, ఒకసారి కట్టిన లెక్క అందరికీ పనికొస్తుంది. బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి వాడి ఉంటే మాత్రం దొంగ పని బాగా నెమ్మదిస్తుంది, ఎందుకంటే దాన్ని కావాలనే నెమ్మదిగా తయారుచేశారు. అందుకే ఏ హ్యాష్ వాడారో, సాల్ట్ ఉందో లేదో నిర్వాహకులు విడమరిచి చెప్పాలి.

‘కార్డు నంబర్లు లేవు కదా.’

ఈమెయిల్, పాస్‌వర్డ్ దొరికితే చాలు, అదే జతని వంద చోట్ల ప్రయత్నించి చూస్తారు. ఫైళ్లు దాచుకునే డ్రాప్‌బాక్స్‌లో 2012లో జరిగిన చోరీకి దారి ఇచ్చింది ఒక ఉద్యోగి వేరే చోట కూడా వాడిన పాస్‌వర్డే. 6.8 కోట్లకు పైగా అకౌంట్ల వివరాలు పోయాయని 2016లో గానీ బయటపడలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ప్రైవేట్ మెసేజ్‌లు. మారుపేరుతో చేరి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని జబ్బు గురించో విడాకుల గురించో అక్కడ రాసుకున్న మనిషి ఉంటారు. ఆ మారుపేరు పక్కనే అసలు ఈమెయిల్ కూడా దొంగ చేతికి వెళ్లింది. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, రాసిన మెసేజ్‌ని ఎలా మార్చుకుంటారు?

‘పాత బ్యాకప్ పెట్టేస్తే సరి.’

మా కమ్యూనిటీ హ్యాక్ అయినప్పుడు మేం సరిగ్గా అదే చేశాం. రెండు రోజులకే దొంగ మళ్లీ లోపలికి వచ్చాడు. వెతగ్గా వెతగ్గా, సభ్యులు పెట్టిన ఫోటోల ఫోల్డర్‌లో జేపీజీల మధ్య ఒక చిన్న పీహెచ్‌పీ ఫైల్ దొరికింది, అంటే సర్వర్లో నడిచే ప్రోగ్రాం, దొంగ మళ్లీ రావడానికి పెట్టుకున్న దొడ్డిదారి. దాని తేదీ, దాడి మా కంటపడటానికి మూడు వారాల ముందుది. బ్యాకప్‌లో కూడా అది భద్రంగా ఉంది. అసలైతే ముందు లాగ్‌లు, అంటే సర్వర్లో ఏం జరిగిందో నమోదయ్యే ఫైళ్లు, కాపీ తీసి పక్కన పెట్టాలి, దొంగ ఏ దారిన వచ్చాడో కనిపెట్టి దాన్ని మూయాలి. తర్వాత అందరినీ లాగౌట్ చేయించాలి, డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ పంపే కీలు మార్చాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో సభ్యుడు పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత లాగిన్‌లు రద్దు కావు.

‘చెబితే హ్యాకర్లకే లాభం, పైగా వాళ్లు వాలంటీర్లు.’

డేటా ఇప్పటికే హ్యాకర్ దగ్గర ఉంది. తెలియనిది సభ్యులకే. ఇంకా మూయని లోపం వివరాలు కొన్నాళ్లు ఆపడం సబబే గానీ, చోరీ జరిగిందన్న సంగతే దాచడం సబబు కాదు. వాలంటీర్లు కాబట్టి చేతకాదనడం కూడా నిజం కాదు. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ని నడిపేది వాలంటీర్లే, 2003 నవంబర్లో తమ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని బహిరంగంగా ప్రకటించారు. ఉచిత సాఫ్ట్‌వేర్లు తయారుచేసే అపాచీ ఫౌండేషన్ వాళ్లు 2010 ఏప్రిల్ 5న మొదలైన దాడి గురించి 13వ తేదీన పూర్తి నివేదిక ఇచ్చారు. బగ్ రిపోర్టులో, అంటే సాఫ్ట్‌వేర్ లోపాల ఫిర్యాదులో, పెట్టిన పొట్టి లింకుని తమ అడ్మిన్లు నొక్కడం, ఒకరు ఆ ఫిర్యాదుల సైట్ పాస్‌వర్డ్‌నే సర్వర్‌కి కూడా వాడటం, కొన్ని హ్యాష్‌లకు సాల్ట్ లేకపోవడం, అన్నీ ఒప్పుకుని, పాస్‌వర్డ్‌లు మార్చుకోమన్నారు.

మేం మాత్రం పరువు పోతుందన్న టెన్షన్‌తో ఐదు రోజులు ఆగాం. చివరికి ఏం పోయిందో, ఎప్పుడు పోయిందో, ఏం మార్చుకోవాలో మూడు పేరాల్లో రాసి అందరికీ మెయిల్ పంపాం. గంటలోపే ఒక సభ్యురాలు జవాబిచ్చారు. తన మెయిల్‌కి కూడా అదే పాస్‌వర్డట, నాలుగు రోజులుగా ఎవరో అందులోకి వస్తున్నట్టు అలర్ట్‌లు వస్తుంటే కారణం తెలియక అల్లాడిపోయారట.